మా ఇంటిపెద్ద బజారుకెళ్లిన వైనం

నేను చెప్పేది అబద్ధమని మీకనిపిస్తే మధ్యలోనే ఆపెయ్యండి, ఇంతకంటే మంచి అబద్ధం ఇంకోటి చెబుతాను. ఇది మాత్రం జరిగింది. సాక్ష్యానికి మీసాల మనాప్ ఉన్నాడు. కాకపోతే వాడు నాకంటే ఎక్కువ కోతలు కోస్తాడు, అంచేత వాణ్ణి అడిగి లాభం లేదు.

కరోనా మా మలేషియాలో దిగిన కొత్త. ఓ సాయంత్రం టీవీలో చెప్పారు. రేపట్నించి ఎవరూ గడప దాటకూడదట. సరుకులు కావాలంటే ఇంటికి ఒక్కరు, అదీ ఇంటిపెద్ద మాత్రమే, బజారుకెళ్లి రావచ్చట. బండికి ఒక్క మనిషేనట.

"ఇంటిపెద్ద" అన్న మాట చెవిన పడగానే నా నడుం దానంతటదే నిటారుగా లేచింది. ఎన్ని తైలాలు మర్దనా చేసినా లేవని నడుం అది.

ఎందుకంత సంబరమంటే, మా రెంబావు జిల్లా ఊళ్లలో మగాడికి పగటిపూట ఇంట్లో ఉండే అలవాటు లేదు. ఇల్లు ఆడవాళ్లది. తల్లి నుంచి కూతురికి, కూతురి నుంచి మనవరాలికి పోతుంది. ఇల్లూ, పొలమూ, కొబ్బరిచెట్లూ, ఆఖరికి గుడ్లు పెట్టే కోళ్లు కూడా అంతే. అల్లుడన్నవాడు ఓ దిండూ, రెండు లుంగీలూ చంకన పెట్టుకుని వస్తాడు. పొద్దున్నే కాఫీ తాగి బయటపడతాడు. దీపాలు పెట్టే వేళకి భోజనానికి తిరిగొస్తాడు. ఈ మధ్యలో ఆ ఇంట్లో ఏం జరుగుతుందో వాడికి తెలీదు. అడిగినా చెప్పరు.

నా పగళ్లన్నీ ఆ లోక్ అనే చీనావాడి కాఫీ కొట్టులో మనాప్‌తో దామ్ ఆడుతూ గడిచాయి. గళ్ల బల్ల, సీసా మూతలు. నా మూతలు బోర్లా, వాడివి వెల్లకిలా; ఎదుటివాడి మూత మీంచి దూకితే దాన్ని లేపేసినట్టు. మా పెద్దమ్మాయి పుట్టిందన్న కబురు కూడా నాకు ఆ బల్ల దగ్గరే అందింది. చేతిలో ఉన్న ఎత్తు వేసేసి, వాడి మూత ఒకటి లేపేశాకే నేనూ లేచాను. దామ్ లేని రోజు నాకు రోజు కింద లెక్క కాదు. అలాంటిది ఇప్పుడు గడప దాటొద్దంటే నేనేం కావాలి?

లాక్‌డౌన్ మొదటి రోజు ఎండ బాగా ఎక్కాక కూడా నేను ఇంట్లోనే ఉన్నాను. మా అత్తగారు సిపియా తమలపాకు నములుతూ వసారాలోకి వచ్చి, నన్ను చూసి గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. ఆవిడ వయసు తొంభైకి దగ్గర. చెవుడు. అంటే, తనకి పనికిరాని మాటలు వినపడవు.

"రొగాయా, ఎవరే ఈ ముసలాడు?"

"మన కాహరేనమ్మా. నా మొగుడు," అంది మా ఆవిడ లోపల్నించి.

"రాత్రిళ్లు వచ్చే అతనా?"

"ఆ, అతనే."

అత్తగారు దగ్గరికొచ్చి నా తలకాయని ఇటూ అటూ తిప్పి చూసింది. "పగలు చూస్తే ఒక్క వెంట్రుకా లేదు కదే. పెళ్లినాడు దీపం వెలుగులో చూపించి మోసం చేశారే వీళ్లు."

ఇదీ నా పరిస్థితి. ఇంకాసేపు ఇంట్లో ఉంటే నా పళ్లు కూడా లెక్కపెట్టేలా ఉంది. బుట్ట చేతికి తగిలించుకుని, మూతికి మాస్కు కట్టుకుని మెట్లవైపు నడిచాను.

"ఎక్కడికి?" అంది రొగాయా.

"బజారుకి. ప్రభుత్వం పిలిచింది."

"నిన్నా?"

"ఇంటిపెద్దని."

"ఏ ఇంటికి?"

"ఈ ఇంటికే."

రొగాయా చేతిలోని గరిటె పక్కన పెట్టింది. మా ఆవిడ చేతిలో గరిటె ఉన్నంతసేపూ భయం లేదు. అది పక్కన పెట్టిందంటే చేతులు ఖాళీ అయ్యాయన్నమాట.

"ఇల్లెవరిది?"

"నీది."

"పొలం?"

"నీదే."

"బావి?"

"నీది. అంటే, మీ అమ్మది."

"మరి నీదేముందయ్యా ఇక్కడ?"

నేను మెట్ల కిందికి తొంగిచూశాను. "మోటార్ సైకిల్."

"అయితే మోటార్ సైకిల్‌కి పెద్దవి నువ్వు. వెళ్లి దాని పక్కన కూర్చో."

"టీవీలో చెప్పినాయన అబద్ధమాడతాడా?"

"ఆయనెక్కడివాడో ఏమో. ఆయన పెళ్లానికి ఇల్లు లేదేమో పాపం."

చాలాసేపు ఇలాగే సాగింది. చివరికి రొగాయా ఓ మెట్టు దిగింది. "సరే, ఒక్కసారికి వెళ్లి చూపించు. బంగడా చేపలు, దుంపరాష్ట్రం, పసుపు ఆకులు. చెప్పు చూద్దాం?"

"బంగడా చేపలు, దుంపరాష్ట్రం, పసుపు ఆకులు," అన్నాను ఎక్కంలాగా.

"ఇవి తప్ప ఇంకేమన్నా తెచ్చావో, ఇవి తేకుండా వచ్చావో, ఇంటిపెద్ద ఎవరో మా మావయ్య తేలుస్తాడు."

నేనప్పటికే మోటార్ సైకిల్ మీదున్నాను.

నాలుగు రోడ్ల కూడలిలో పోలీసులు అడ్డం పెట్టారు. కార్పొరల్ జహ్రీన్ అని కొత్తగా వచ్చిన కుర్ర పోలీసు ఉన్నాడు. ఉత్తరాది వాడు. విజిల్ ఎప్పుడూ నోట్లోనే ఉంటుంది, మాటలన్నీ దాని పక్కనుంచి దారి చేసుకుని బయటికి రావాల్సిందే.

"ఇంటిపెద్దవేనా బాబాయ్?"

"పుట్టినప్పట్నించీ."

పాపం, నమ్మేశాడు. వాళ్ల పక్క ఇలాంటివి అడిగితే మగాళ్లు నిజమే చెబుతారట.

ఆ లోక్ కొట్టు ముందు నా గుండె చెరువైపోయింది. కుర్చీలన్నీ కాళ్లు పైకెత్తి బల్లలెక్కి కూర్చున్నాయి. చుట్టూ ఎర్ర రిబ్బను. కాఫీ ప్లాస్టిక్ సంచిలో పోసి చేతిలో పెడతారట, తాగడం మాత్రం ఇంటికెళ్లి తాగాలట. రిబ్బనుకి అవతల మనాప్ తన సంచి పట్టుకుని, చచ్చిపోయిన చుట్టాన్ని చూసినట్టు మా బల్లని చూస్తున్నాడు. వాళ్లావిడకి మోకాళ్ల నొప్పులు, అందుకని వాణ్ణే బజారుకి పంపుతుంది. అదృష్టవంతుడు.

"నోటితో ఆడదామా?" అన్నాడు.

బల్ల లేకుండా, మధ్యలో ఓ బారెడు దూరం వదిలి మొదలెట్టాం. వాడు "మూల మూత ఒక గడి ముందుకి" అంటాడు. నేను "నడిమి మూత ఎడమకి" అంటాను. కాసేపటికి నా మూత అవతలి అంచు చేరి రాజైందన్నాను. అది నేను ఎప్పుడో లేపేసిన మూత అన్నాడు వాడు. లేపలేదన్నాను. లేపానన్నాడు. బల్ల లేదు కాబట్టి ఇద్దరిదీ నిజమే. మా కేకలకి కూడలిలో విజిల్ మోగింది. ఇద్దరం చెరో దిక్కుకీ పరుగు.

ఆ పరుగులో నేను ఎక్కం మరిచిపోయాను.

దుంప అని గుర్తుంది, దేని దుంపో గుర్తు రాలేదు. కొట్టులో అన్నీ దుంపల్లాగే కనిపించాయి. లావుగా ఉన్నది చూసి అల్లం తీసుకున్నాను, అది దుంపరాష్ట్రానికి చుట్టమే కానీ దుంపరాష్ట్రం కాదట. ఆకులని గుర్తుంది కాబట్టి ఆకులు తీసుకున్నాను. అవి అరిటాకులని ఇంటికెళ్లాక తెలిసింది. మా పెరట్లో అరిటిచెట్లు లెక్కలేనన్ని. ఇక చేపల దగ్గర మాత్రం తెలివిగా ఆలోచించాను. బజార్లో చేపలు ఎవరి చేతుల్లోంచి వచ్చాయో ఏమో, రోగాల కాలం. అందుకని చక్కగా మూసేసిన డబ్బా, మీద బంగడా బొమ్మ ఉన్నది, ఏరికోరి తెచ్చాను.

రొగాయా డబ్బా తిప్పి చూసింది. మళ్లీ తిప్పి చూసింది.

"ఇది పిల్లి మేత."

అప్పటికే మా పిల్లి నా కాళ్లకి చుట్టుకుని గురగురలాడుతోంది. ఆ ఇంట్లో నన్ను ఇంటిపెద్దగా ఒప్పుకున్నది అదొక్కటే.

పంచాయితీ మర్నాడు పొద్దున్నే, కంచె దగ్గర పెట్టారు. కంచెకి అవతల వంశపు పెద్ద సిదెక్ తాత. రొగాయాకి మేనమామ, అంటే మా అత్తగారికి తమ్ముడు. మా పద్ధతిలో ఇది తమాషా ఉద్యోగం. అక్క ఇంటికొస్తే ఆయన వంశం మొత్తానికి పెద్ద. సొంత పెళ్లాం ఇంటికెళ్తే నాలాగే చుట్టం. అందుకే ఆయన ఎక్కువగా కంచె దగ్గరే కాలక్షేపం చేస్తాడు.

కంచెకి ఇవతల రొగాయా, నేను, చాప మీద మా అత్తగారు. అందరి మధ్యా బారెడు దూరం. తాత మాస్కు సర్దుకుని, పంచాయితీకి ముందు చదవాల్సిన పాతకాలపు పదాలన్నీ రాగం తీస్తూ చదివాడు. మాస్కులోంచి ఏ ముక్కా బయటికి రాలేదు. అయినా అందరం తలాడించాం.

"అల్లుడు ఇంటికొచ్చిన చుట్టం," అన్నాడు తాత తీర్పుగా. "చుట్టం ఇంటిపెద్ద ఎలా అవుతాడు? అదీకాక పిల్లి మేత తెచ్చాడు. అందుచేత ఇంటిపెద్ద రొగాయా."

రొగాయా నావైపు చూసి తలమీది ముసుగు సర్దుకుంది. ఇక ఈ జబ్బు పోయేదాకా నేను ఈ వసారాలో కూర్చుని, అత్తగారి చేత తల తడిమించుకుంటూ బతకాలి. అక్కడ మనాప్ ఒక్కడే బల్లని చూస్తూ ఏడుస్తుంటాడు.

అప్పుడు తట్టిందండీ. నేనెప్పుడూ చెబుతుంటాను, నా బుర్ర వేడెక్కితే తప్ప పనిచెయ్యదని.

"తాతా, తీర్పు బ్రహ్మాండంగా ఉంది," అన్నాను చేతులు కట్టుకుని. "కానీ ఆచారం అన్నాక పూర్తిగా పాటించాలి కదా. రొగాయాకంటే పెద్ద ఈ ఇంట్లో ఎవరూ లేరా?"

తాత అక్కని చూసి, మాస్కు కళ్లదాకా లాక్కున్నాడు.

నా ఎత్తు మీకర్థమైందా? అత్తగారు ఇంటిపెద్ద అయితే బజారుకి ఆవిడే వెళ్లాలి. ఆవిడ మెట్లు దిగడమే పండక్కి పండక్కి. ఎవరో ఒకరు తీసుకెళ్లాలి. ఆ ఎవరో ఒకరు ఎవరంటారు?

"అమ్మ బజారుకేంటి, నడవగలదా?" అంది రొగాయా.

అంతసేపూ ఏమీ వినపడని మా అత్తగారు లేచి నిలబడింది.

"నా చెప్పులేవి?"

అంతే, తీర్పు అయిపోయింది. తాత కంచె అవతల ఎటు మాయమయ్యాడో తెలీదు.

ఇక మిగిలింది ప్రయాణం. మోటార్ సైకిల్ మీద ఇద్దరికి వీల్లేదు, బండికి ఒక్క మనిషే అన్నారు. కానీ కొబ్బరికాయలు మోసే ఒంటిచక్రం తోపుడుబండి ఉందిగా. దాన్లో దిండు వేశాను. పక్కకి గొడుగు కట్టాను. అత్తగారు కొత్త జాకెట్టూ, పట్టు లుంగీ కట్టుకుని, తమలపాకుల పెట్టె ఒళ్లో పెట్టుకుని, సుల్తానుగారి తల్లి లాగా వెనక్కి ఆనుకుంది.

"పోనీ," అంది.

రొగాయా మెట్ల మీద నిలబడి చూస్తోంది. నవ్వింది కూడా. అప్పుడే నేను ఆగిపోవాల్సింది.

కూడలి దగ్గర జహ్రీన్ విజిల్ నోట్లోంచి జారి కిందపడింది.

"బాబాయ్, బండికి ఒక్క మనిషే!"

"ఒక్క మనిషేగా బాబూ ఉన్నది. ఆవిడ మా ఇంటిపెద్ద."

"మరి నువ్వో?"

"నేను బండి."

వాడు నన్ను కింద నుంచి పైదాకా చూశాడు. నేను కదలకుండా హేండిళ్లు పట్టుకుని నిలబడ్డాను. ఏదో సాయంగా ఉంటుందని నోటితో కాస్త ఇంజన్ చప్పుడు కూడా చేశాను.

జహ్రీన్ వాళ్ల ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ కొట్టాడు. కంగారులో స్పీకర్ నొక్కేశాడు, మొత్తం కూడలికి వినిపించింది.

"సార్, ఇక్కడో పెద్దాయన తాను మనిషిని కానంటున్నాడు."

"మరేంటంటాడు?"

"బండినంటున్నాడు సార్."

"లైసెన్సుందా?"

"ఉంది సార్. కానీ అది మోటార్ సైకిల్‌ది."

"బండిలో ఎవరున్నారు?"

"వాళ్లత్తగారట సార్. ఆవిడే ఇంటిపెద్దట. ఇక్కడి పద్ధతట."

అవతల తలుపు వేసుకున్న చప్పుడైంది. తర్వాత ఇన్‌స్పెక్టర్ గొంతు గుసగుసలోకి దిగింది. "ఒరేయ్, నేను కూడా ఈ ఊరి అల్లుణ్ణేరా. మా అత్తగారు పక్కగదిలోనే ఉన్నారు. ఇల్లెవరిదో, పెద్దెవరో, ఆ గొడవలో నువ్వు తల పెట్టకు, నా తల అస్సలు పెట్టకు. వదిలెయ్."

జహ్రీన్ మా అత్తగారికి సెల్యూట్ కొట్టాడు. జ్వరం చూసే తుపాకీ ఆవిడ నుదుటికి గురిపెట్టాడు, బాగానే ఉంది. నాకు గురిపెట్టాడు. ఎండలో తోసుకొచ్చానేమో, అది కుయ్ కుయ్‌మని అరిచింది.

"జ్వరం!" అన్నాడు.

"అల్లుడికి కాదు నాయనా, ఇంజనుకి," అంది అత్తగారు. "కాస్త చల్లారితే సరి."

నన్ను వేపచెట్టు నీడలో నిలబెట్టి మొహాన నీళ్లు కొట్టారు. చల్లారాక పంపారు.

బజారు ముందు కార్లు ఆపే చోటు. పచ్చగీతల మధ్య నన్ను నిలబెట్టి, అత్తగారు చేతికర్ర పట్టుకుని చేపలవైపు బయల్దేరింది. పండక్కి మెట్లు దిగడానికి నలుగురు పట్టుకోవాల్సిన మనిషి, చిన్నపిల్లలాగా అడుగులేసుకుంటూ పోయింది. నేనది పట్టించుకోలేదు. నా కళ్లు ఆ లోక్ కొట్టువైపు ఉన్నాయి.

మనాప్ నన్ను చూశాడు. రిబ్బను కింద నుంచి దూరి, మా గళ్ల బల్ల చంకలో పెట్టుకుని, మీసాలు ఎగరేసుకుంటూ వచ్చాడు. తోపుడుబండి మీద బల్ల పరిచాడు. మూతలు పేర్చాడు. ఆ మూతల చప్పుడు విని నా కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను చెయ్యెత్తి మొదటి మూత మీద పెట్టబోయాను.

విజిల్.

జహ్రీన్ మా వెనకే నిలబడి ఉన్నాడు. "బాబాయ్, ఇప్పుడు తేల్చు. నువ్వు మనిషివా, బండివా? మనిషివైతే ఇంటికి ఇద్దరొచ్చారు, ఇద్దరికీ జరిమానా. బండివైతే బండి దామ్ ఆడదు."

నేను చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుని హేండిల్ మీద పెట్టాను. వాడు కూడలికి వెళ్లిపోలేదు. ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"కళ్లు ఆర్పడానికి అభ్యంతరం లేదు కదా?" అన్నాడు మనాప్.

జహ్రీన్ చాలాసేపు ఆలోచించాడు. "బండికి లైట్లుంటాయి. ఆర్పుకోవచ్చు."

అలా ఆడాం. మనాప్ నా మూతల మీద ఒక్కోదాని మీదా వేలు పెడతాడు. కావలసినదాని దగ్గర నేను కన్ను కొడతాను. కుడి కన్నయితే కుడికి, ఎడమ కన్నయితే ఎడమకి. బజారుకొచ్చిన జనం వంతులవారీగా బారెడు దూరంలో నిలబడి చూస్తున్నారు. వాళ్లలో ఒకామె, నేను తనకేసే కన్ను కొడుతున్నానని చెప్పు తీసింది. మనాప్ సర్దిచెప్పాడు.

ఆట మంచి పట్టులో ఉండగా ఓ ఈగ వచ్చి నా కుడి కనురెప్ప మీద వాలింది. తోలడానికి వీల్లేదు, బండిని కదా. రెప్ప కొట్టుకుంది. "కుడికా?" అన్నాడు మనాప్ సంతోషంగా. రెప్ప మళ్లీ కొట్టుకుంది. "ఇది కూడా కుడికా!" ఆ ఈగ నా చేత వరసగా మూతలు సమర్పించేయించింది. ఈగ ఎగిరిపోయేసరికి నాకు మిగిలింది మూలన మూడే మూతలు. వాడి ముగ్గురు రాజులు చుట్టూ మోహరించి ఉన్నారు.

అప్పుడొచ్చింది మా అత్తగారు. ఓ చేతిలో బంగడాలు, ఇంకో చేతిలో దుంపరాష్ట్రం, పసుపు ఆకులు. బల్లకేసి చూసింది. తమలపాకు ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకి మార్చింది. చేతికర్ర ఎత్తి, దాని కొసతో నా మూత ఒకటి తీసుకెళ్లి వాడి నోట్లో పెట్టినట్టు పెట్టింది.

"మూత మేత వేశావేంటి పెద్దమ్మా," అని నవ్వి మనాప్ లేపేశాడు. లేపక తప్పదు, అది ఆట నియమం.

ఆవిడ రెండో మూత కూడా అలాగే ఇచ్చింది. అది కూడా లేపాడు. అప్పుడు మిగిలిన ఒక్క మూతతో కర్ర టక్ టక్ టక్‌మని బల్లంతా తిరిగొచ్చింది. వాడి ముగ్గురు రాజులూ నేలమీద పడ్డారు.

జహ్రీన్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. మనాప్ మీసాలు కిందికి వాలిపోయాయి.

"పోనీ," అంది అత్తగారు బండెక్కి.

ఇంటికొచ్చేసరికి పొద్దు వాలుతోంది. అత్తగారిని మెట్ల దగ్గర దింపి, నేను కూడా పైకెక్కబోయాను. పై మెట్టు మీద రొగాయా చేతులు చాచి నిలబడింది.

"ఎక్కడికి?"

"ఇంట్లోకి."

"బండి పైకి రాకూడదయ్యా. బండి చోటు ఇంటి కింద."

మా ఇళ్లు స్తంభాల మీద కదా, కింద మోటార్ సైకిలూ, కట్టెలూ, కోళ్ల గంపలూ ఉంటాయి. "ఏం పరాచికాలే," అన్నాను.

"పరాచికమేంటి? నువ్వే ఊరందరి ముందూ బండినన్నావట. ఇన్‌స్పెక్టర్‌గారే ఒప్పుకున్నారట. కూడలి నుంచి కబురు నీకంటే ముందే వచ్చింది. ముందు బండి కడగాలి, బజారు తిరిగొచ్చింది." అని పైపు తిప్పి, సబ్బునీళ్లతో నన్ను ముందూ వెనకా కడిగేసింది. చెవుల వెనక కూడా.

మోటార్ సైకిల్ పక్కన కూర్చున్నాను. కోళ్లు చోటిచ్చాయి. దోమలు మాత్రం నన్ను బండి అనుకోలేదు. పైన కొబ్బరిపాలు పోసి వండిన బంగడా పులుసు, చిట్టి మిరపకాయల ఘాటు. నేలపలకల సందుల్లోంచి ఆ వాసన కిందికి దిగుతోంది.

"రొగాయా," అన్నాను పైకి చూసి. "ఆకలేస్తోందే."

"పెట్రోలు ఇంట్లో లేదు."

ఇంకాసేపు చూశాను. పైన అత్తగారు పులుసు జుర్రుకుంటున్న చప్పుడు వినపడింది. ఆ చప్పుడుకి ఎలాంటి మగాడైనా లొంగిపోతాడు.

"ఒసేయ్, నేను మనిషినే."

"గట్టిగా చెప్పు. మావయ్యకి వినపడలేదు." కంచె అవతల సిదెక్ తాత మాస్కు కనపడింది.

"నేను మనిషిని! బండిని కాను!"

"ఇక ఎప్పుడూ కావు కదా?"

"కాను!"

"అయితే పైకి రా," అంది రొగాయా. నేను పళ్లెం ముందు కూర్చుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాక మిగతాది చెప్పింది. "మనిషివే, కానీ ఇంటిపెద్దవి కావు. ఇంటిపెద్ద కాని మనిషి గడప దాటకూడదు. నా మాట కాదు, ప్రభుత్వం మాట."

రెండో ముద్ద పళ్లెంలోనే వదిలేశాను. వేసిన ఎత్తులన్నీ వెనక్కి తిప్పి చూసుకున్నాను. ఒక్కటీ ఆవిడ వేసింది లేదు, అన్నీ నేనే వేశాను. తీసుకెళ్లి ఆవిడ నోట్లో పెట్టినట్టు.

"మరి మీ అమ్మని బజారుకి ఎవరు తీసుకెళ్తారు?" అన్నాను, ఆఖరి ఆశతో.

"మధ్యాహ్నమే మాట్లాడేశాను," అంది.

మర్నాడు పొద్దున్నే గుమ్మం ముందు మీసాల మనాప్ నిలబడి ఉన్నాడు. వాడి తోపుడుబండికి కొత్త పరుపు, పూలగొడుగు, ముందు ఓ సైకిల్ గంట. నా కళ్లలోకి చూడలేదు.

"మా ఆవిడ వెళ్లమంది," అన్నాడు నేలకేసి చూస్తూ. "నా బండి చక్రానికి గాలి ఉంటుందట, పెద్దమ్మకి కుదుపు ఉండదట."

"బల్ల తెచ్చావా?"

వాడు వంగి పరుపు సర్దాడు. పరుపు కింద నుంచి గళ్ల బల్ల అంచు కనపడుతోంది.

అత్తగారు దాని మీద వెనక్కి ఆనుకుని గంట కొట్టింది. వాళ్లు కూడలి మలుపు తిరిగేదాకా వసారాలోంచి చూశాను. జహ్రీన్ సెల్యూట్ కొట్టడం కూడా కనపడింది.

ఆ లాక్‌డౌన్ అంతా నేను వంటింట్లోనే ఉన్నాను. రొగాయా పులుసులకి కొబ్బరిపాలు చాలవు, రోజూ కొబ్బరి కోరాలి. మా కోరుపీట ఎక్కి గుర్రం మీద కూర్చున్నట్టు కూర్చోవాలి. దేశమంతా బళ్లు ఆగిపోయిన కాలంలో నేనెక్కిన వాహనం అదొక్కటే.

మధ్యాహ్నానికి అత్తగారు తిరిగొచ్చి, చెమట తుడుచుకుంటూ నా ఎదురుగా కూర్చునేది.

"ఇన్నేళ్లూ ఆ మీసాలవాడితో ఏం ఆడావయ్యా నువ్వు? వెనక వరస ఎప్పుడూ ఖాళీగానే వదిలేస్తాడు."

"ఇవాళ ఏం చేశాడత్తా? మూల మూత కదిపాడా? కదిపుంటాడు. కదిపాడా?"

ఆవిడకి చటుక్కున చెవుడు వచ్చేసేది. నేను కొబ్బరిచిప్ప ఇంకోటి అందుకునేవాణ్ణి. అప్పుడు వినపడేది. ఒక్కో చిప్పకి ఒక్కో ఎత్తు చెప్పేది. మంచి ఎత్తయితే రెండు చిప్పలు. వాడి రాజు చిక్కుకునే సమయానికి సరిగ్గా కొబ్బరికాయ అయిపోయేది, నేను పరుగున వెళ్లి ఇంకోటి కొట్టుకొచ్చేవాణ్ణి.

"తర్వాతత్తా? తర్వాత?"

"మెత్తగా కోరు," అనేది రొగాయా పొయ్యి దగ్గర్నించి.

మెత్తగానే కోరేవాణ్ణి.